వాయిదా మాత్రలు

తొంభై ఆరు అక్టోబరులో ఢిల్లీ మీద డెంగీ జ్వరం పడింది. ఆర్.కె. పురంలో మా సర్కారు డిస్పెన్సరీ ఎనిమిదింటికి తెరుస్తాం. ఏడింటికే లైను గేటు దాటి సైకిల్ స్టాండు దాకా పోయేది. ఒళ్ళు కాలిపోతున్న గుమాస్తాలు, వాళ్ళ భార్యలు, వాళ్ళ పిల్లలు. ఉన్నదే ఇద్దరం డాక్టర్లం. ఆ రెండో ఆయన కూడా జ్వరంతో మంచమెక్కాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. మనిషికి రెండు నిమిషాలు ఇచ్చేదాన్ని. తలెత్తి ముఖం చూస్తే మూడు నిమిషాలవుతుంది కాబట్టి తలెత్తడం మానేశాను.

ఆ జ్వరాల మధ్యలోనే దసరా వచ్చింది. దసరా అంటే నాకు రెండో లైను. అది మన తెలుగు ఆడవాళ్ళది. వాళ్ళు అందరితో పాటు నిలబడరు. పక్క తలుపు దగ్గర నర్సు కమలేశ్‌ని బతిమాలుకుని లోపలికి వస్తారు. నా చెవి దగ్గరికి వంగి, "డాక్టరమ్మా, డేటు మాత్రలు" అంటారు.

నెలసరిని వాయిదా వేసే మాత్రలవి. రెండు గదుల క్వార్టరు. ఒక గదిలో అమ్మవారు, ఇంకో గదిలో ఊరినుంచి వచ్చిన అత్తగారు. ముట్టయితే దూరం కూర్చోవాలంటారు, ఆ దూరం ఎక్కడుంది? వరండాలో కూర్చుంటే వీధంతా టముకు వేసినట్టే. అందుకని ప్రతి వ్రతానికీ, ప్రతి పూజకీ, తిరుపతి ప్రయాణానికీ ఈ మాత్రలు. డిస్పెన్సరీలో ఉండవు, చీటీ రాసిస్తే బయట కొనుక్కుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగేదాన్ని. ఈ ఏడాదిలో ఎన్నోసారి, కడుపుతో ఉన్న అనుమానం ఏమైనా ఉందా, విడవని తలనొప్పులు వస్తున్నాయా అని. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అడగడం తగ్గుతూ వచ్చింది. ఆ ఏడాది అసలు అడగలేదు. పేరు, రోజుకు మూడు, పది రోజులు, సంతకం. అంతే.

అడిగితే మాత్రం నిజం చెబుతారా? మన ఆడవాళ్ళ రోగాలకు సొంత పేర్లుండవు. తెల్లబట్ట అవుతుంటే నడుం నొప్పి అంటారు. మొగుడి దగ్గర పడుకుంటే మంట పుడుతోందని చెప్పలేక మూడుసార్లు గ్యాసు మందు పట్టుకెళ్ళిన మనిషి ఉంది. ఇక పిల్లలు వద్దు బాబోయ్ అని అడగడానికి వచ్చి, "కొంచెం నీరసంగా ఉంటోందండీ" అంటారు. లేచి తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, అప్పుడు వెనక్కి తిరిగి అసలు సంగతి చెబుతారు. రెండు నిమిషాల డాక్టరుకి ఆ తలుపు దగ్గరి మాట వినపడదు.

నవరాత్రుల్లో రెండో రోజు వీణ వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. వరంగల్ నుంచి పెళ్ళై వచ్చి ఏడాదిన్నర అయింది, మొగుడు ఏదో మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. బల్ల అంచు పట్టుకుని నిలబడి, "మేడం, రెండు నెలలు దాటింది. పొద్దున లేస్తే వాంతులైతున్నయి" అంది.

సంతోషమే. ఆమె డిస్పెన్సరీ పుస్తకం తీసుకుని కొత్త పేజీ తిప్పబోతే పాత పేజీలో నా రాత కనపడింది. ఆగస్టు నెల, శ్రావణమాసం, వాయిదా మాత్రలు, రోజుకు మూడు. తారీఖులు లెక్క వేశాను. సరిగ్గా కడుపు నిలిచే రోజుల్లో ఈ పిల్ల ఆ మాత్రలు మింగింది. నా అరికాళ్ళు చల్లబడ్డాయి. చల్లబడితే నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు.

"బుద్ధుందా నీకు? పెళ్ళైన పిల్లవి, పిల్లల కోసం చూస్తున్నదానివి, ఈ మాత్రలు వేసుకుంటావా? నాకొక్క మాట చెప్పొద్దా?" అని అరిచాను. నేనొక్క మాట అడిగానా అన్నది అప్పుడు గుర్తు రాలేదు.

వీణ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నేను తినలే మేడం. ఒట్టు. ఒక్కటి గూడ తినలే."

"మరి రాయించుకుని ఏం చేశావు?"

"కింద జానకీదేవి ఆంటీ లేరా, ఆమె కోసం తీసుకున్న. ఆమె చెల్లెలు బిడ్డ జనక్‌పురిల ఉంటదట. ఆ పిల్లకు కావాల్నని, డాక్టరమ్మను నేనడిగితే బాగుండదు, నీ పేరు మీద రాయించవే అన్నరు. నేనొక్కదాన్నే కాదు మేడం. మా బ్లాకుల నలుగురం చీటీలు తెచ్చిచ్చినం."

"ఆ చెల్లెలి కూతుర్ని ఎప్పుడైనా చూశావా?"

"లే. ఎన్నడు రాలే."

రాదు. ఎందుకంటే జానకీదేవికి చెల్లెలు లేదు. ఆ సంగతి నాకు తెలిసినట్టు ఆ కాలనీలో ఇంకెవరికీ తెలియదు. పిల్లలు పుట్టడం లేదని పదేళ్ళపాటు నా ముందు కూర్చున్న మనిషి ఆమె. తల్లికి ఎంతమంది, తోబుట్టువులకు పిల్లలున్నారా అని అన్నీ రాసుకున్నాను. ఒక్కతే కూతురు. ఆ మాత్రలు ఏ పిల్లకో కాదు, యాభై రెండేళ్ళ జానకీదేవికి. ఆమెకు ముట్లుడిగి మూడేళ్ళయింది. ముట్లుడిగిన మనిషికి వాయిదా మాత్రలతో పనేమిటి? పని ఒక్కటే ఉంటుంది. మళ్ళీ రక్తం కనపడుతోంది.

లైను పొడుగైపోతోందని పక్క గదిలో కమలేశ్ కేకేస్తోంది. "మేడం జీ, లైన్ బహుత్ లంబీ హై!" వీణని పంపేసి, ఆ పూట ఇంకా ఎనభైమంది జ్వరాలు చూశాను. ఎవరికి ఏం రాశానో నాకు గుర్తు లేదు.

జానకీదేవి గురించి చెప్పాలి. భర్త సదాశివరావు గారు అప్పర్ డివిజన్ గుమాస్తా, నోట్లో నాలుక లేని మనిషి. పిల్లల్లేరు. పిల్లల్లేని ఆడమనిషిని మన పేరంటాలు ఎలా చూస్తాయో నేను చెప్పనక్కర్లేదు. పిలుస్తారు, బొట్టు పెడతారు. సీమంతంలో గాజులు తొడిగే వేళకి మాత్రం, "జానకీదేవి గారూ, కాస్త ఆ కాఫీ సంగతి చూడరూ" అంటారు. ఇరవై రెండేళ్ళు ఆమె కాఫీ సంగతి చూసింది. తర్వాత ముట్లుడిగింది. అప్పటినుంచి ఆమె దశ తిరిగింది. నెలలో ఏ రోజయినా మడి కట్టుకోగలదు, చెయ్యి మంచిది, వంట తెలుసు. సంఘం నడిపే దుర్గాంబ గారు, అండర్ సెక్రటరీ భార్య, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, ఒక రోజు అందరిముందూ ప్రకటించేసింది: ఇక మన ఏ పూజకైనా నైవేద్యం జానకీదేవి గారి చేతిదే. దసరా తొమ్మిది రోజులూ రోజుకో ఇంట్లో లలితా పారాయణ, ఆ తొమ్మిది ఇళ్ళలోనూ ఆమే మడి వంట. పొద్దున్నే తడిచీరతో ఆ ఇంటి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. నైవేద్యం అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళు కూడా లోపలికి తొంగి చూడరు.

రెండింటికి డిస్పెన్సరీ మూసి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో సదాశివరావు గారు పేపరు చదువుతున్నారు. ఆమె వంటింట్లో మర్నాటికి మినప్పప్పు బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి, "రండి రండి డాక్టరమ్మా, కాఫీ పెడతాను" అంది. ముఖం పాలిపోయి ఉంది. ఎన్నాళ్ళనుంచి పాలిపోయి ఉందో.

"కాఫీ వద్దు. ఎప్పటినుంచి కనపడుతోంది?" అన్నాను.

చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది. అబద్ధం ఒకటి వెతుక్కుంది, దొరకలేదు. తలుపు దగ్గరగా వేసింది.

"శివరాత్రికి రెండు రోజుల ముందు" అంది. "కొంచెమే. మళ్ళీ వచ్చిందేమిట్రా భగవంతుడా అనుకున్నాను. శివరాత్రికి ఐదిళ్ళ వంట ఒప్పుకున్నాను కదా. పక్కింటమ్మాయి దగ్గర మాత్రలు మిగిలితే వేసుకున్నాను. ఆగింది. మానేస్తే మళ్ళీ వస్తోంది. ప్రతి పండక్కీ వేసుకుంటున్నాను."

"ఎనిమిది నెలలు!"

"కాస్త మెల్లిగా అనండీ."

నేను మెల్లిగా అనలేదు. మూడేళ్ళు ఆగిపోయి మళ్ళీ కనపడేది నెలసరి కాదని చెప్పాను. అలా కనపడ్డ పదిమందిలో ఒకరికి గర్భసంచి క్యాన్సరు ఉంటుందని చెప్పాను. ఈ మాత్రలు రక్తాన్ని ఆపుతాయి గాని లోపల ఏదైనా ఉంటే దాన్ని ఆపలేవు, మన కళ్ళకి కనపడకుండా చేస్తాయంతే అని చెప్పాను. రేపే పెద్దాసుపత్రికి రావాలి, లోపలి పొర గోకి పరీక్షకి పంపాలి, మత్తిస్తారు, సాయంత్రానికి ఇంటికి రావచ్చు అన్నాను.

అంతా విన్నది. "దసరా వెళ్ళనివ్వండి" అంది.

"దసరా వెళితే దీపావళి. అది వెళితే కార్తీకమాసం, ఆ తర్వాత ధనుర్మాసం. మనకు పండగలు అయిపోతాయా?"

"తొమ్మిది రోజులే కదండీ. ఏడిళ్ళున్నాయి ఇంకా. మధ్యలో మానేస్తే ఎందుకు మానేశావంటారు. ఏమని చెప్పను? మళ్ళీ ముట్టవుతున్నానని చెప్పనా? ఈ ఎనిమిది నెలలూ ఆ చేత్తోనే వండి పెట్టావా అని అడగరూ? దుర్గాంబ గారు నన్ను గుమ్మం తొక్కనిస్తారా?" చేతిలో పప్పు చేటలో పోసింది. "మీకు తెలియదు డాక్టరమ్మా. మీకు ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు. నన్ను ఒకరు కావాలనుకోవడం ఈ మూడేళ్ళే. పొద్దున్నే తలుపు కొట్టి జానకీదేవి గారూ అని పిలుస్తారు చూడండి. ఆ పిలుపు పోతే నేనీ ఇంట్లో పొద్దస్తమానం ఏం చెయ్యను?"

నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. ప్రాణం కంటే పులిహోర ఎక్కువైందా అని అడగబోయాను. అంతలో ఆమే, "మొదట్లో మీ దగ్గరికే వద్దామనుకున్నాను. కానీ మీరే అన్నారు కదా" అంది.

"ఏమన్నాను?"

"ముట్లుడిగిన ఏడాది వచ్చాను, గుర్తుందా? చూసి నవ్వారు. ‘హాయి జానకీదేవి గారూ, ఇక ఈ గొడవ వదిలింది, ఇక నా దగ్గరికి రావాల్సిన పని లేదు’ అన్నారు. అందుకని రాలేదు."

అన్నాను. ఆ మాట అన్నట్టు నాకు బాగా గుర్తుంది. పదేళ్ళు నా ముందు ఏడ్చిన మనిషికి మంచి మాట చెప్పి పంపాననుకున్నాను. దాని పక్కన ఇంకో మాట చెప్పాలి, ఒక్క చుక్క కనపడినా పరిగెత్తుకు రండి అని. అది చెప్పలేదు. చెప్పడానికి అర నిమిషం పడుతుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అయింది నా పని.

తర్వాత నేనే అడిగాను. "శుక్రవారం ఎవరింట్లో?"

"మూలా నక్షత్రం. మీ ఇంట్లోనే కదండీ. మీ పేరు దుర్గాంబ గారు రాశారు."

నిజమే. ఏటా నా పేరు రాస్తారు, ఏటా జానకీదేవి వచ్చి వండుతుంది, నేను సాయంత్రం వచ్చి హారతి ఇస్తాను. "అయితే ఆ రోజు పొద్దున్నే తడిచీరతో మా ఇంటికి రండి, అందరూ చూసేట్టు. నా వంటింటికి వెనక గుమ్మం ఉంది. అటునుంచి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ డాక్టర్ సరోజ ఉంటుంది, నాతో పాటు చదువుకుంది. మా వంటింటి తలుపు వేసే ఉంటుంది. మడి వంట అవుతుంటే తలుపు ఎవరు తీస్తారు?"

"మరి వంట?"

"నేను చూసుకుంటాను. మీరు మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళండి."

ఆమె ఒప్పుకుంది. ప్రాణానికి భయపడి కాదు, ఎవరికీ తెలియదన్నందుకు. అదయినా చాలు.

మెట్లు దిగుతుంటే సదాశివరావు గారు వెనకాలే వచ్చారు. "మాత్రలు నేనే తెచ్చేవాణ్ణండి" అన్నారు తల దించుకుని. "మునీర్కా దాకా వెళ్ళి. ఇక్కడి షాపులో అందరూ తెలిసినవాళ్ళే కదా. తప్పేనంటారా?" తప్పు కాదని చెప్పడానికి నోరు రాలేదు. తప్పని చెప్పడానికి నేనెవరిని? "శుక్రవారం సెలవు పెట్టండి" అన్నాను.

శుక్రవారం అనుకున్నట్టే జరిగింది. ఏడింటికి ఆమె తడిచీర చుట్టుకుని, బ్లాకులో అందరికీ కనపడేలా మా ఇంటికి వచ్చింది. వంటింట్లో చీర మార్చుకుని వెనక గుమ్మంలోంచి ఆటో ఎక్కింది. నేను ఎనిమిదింటికి డిస్పెన్సరీలో జ్వరాల ముందు కూర్చున్నాను. పదింటికి కడుపులో పరిచయమున్న నొప్పి మొదలైంది. నాకు నలభై ఏడు, ఆ మధ్య రెండు నెలలకో మూడు నెలలకో ఎప్పుడు పడితే అప్పుడు వచ్చిపోతోంది. సరిగ్గా ఆ రోజే ముహూర్తం పెట్టుకుంది. బాత్‌రూమ్‌లో గోడకి ఆనుకుని నవ్వుకున్నాను. నవ్వడానికి కూడా ఓపిక లేదు.

పన్నెండున్నరకి సరోజ ఫోన్ చేసింది. "అయిపోయింది, మత్తు దిగుతోంది. బాగానే ఉంది" అంది. తర్వాత, "చాలా వచ్చింది అరుంధతీ" అంది. గోకితే ముట్లుడిగిన మనిషికి చిటికెడు రావాలి. చాలా వచ్చిందంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

రెండున్నరకి ఇల్లు చేరి వంటింటి తలుపు వేసుకున్నాను. నాలుగింటికి పాతికమంది వస్తారు. మడీ ఆచారాల మీద నాకు నమ్మకం లేదు. లేదనే ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. కానీ ముట్టయిన రోజుల్లో నేనెప్పుడూ దేవుడి వంట ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరం రాలేదనుకున్నాను, అంతే. ఆ మధ్యాహ్నం చింతపండు గిన్నె మీద నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చదువుకున్న చెయ్యి, వందల కాన్పులు చేసిన చెయ్యి. సిగ్గేసింది. ఆసుపత్రి మంచం మీద మూలుగుతున్న మనిషి గుర్తొచ్చి, గిన్నెలో చెయ్యి పెట్టి చింతపండు పిసికాను.

అన్నం వార్చి పళ్ళెంలో ఆరబోశాను. ఇంగువ వేసి పోపు పెట్టాను. ఆవపిండి జానకీదేవి వేసినట్టు చివర్లో వేశాను, ఆమె పులిహోర తిన్నప్పుడల్లా రుచిబట్టి తెలుసుకున్నదే. దద్ధోజనంలోకి అల్లం సన్నగా తరిగాను. కాళ్ళు లాగేస్తున్నాయి, నడుం విరిగిపోతోంది. ప్రతి పది నిమిషాలకీ ‘చాలా వచ్చింది’ అన్న మాట చెవిలో వినిపిస్తోంది.

నాలుగయ్యేసరికి ముందు గది నిండిపోయింది. పారాయణ మొదలైంది. వెయ్యి నామాలు చదువుతున్నంతసేపూ నేను తలుపు వారగా నిలబడ్డాను. తర్వాత నేనే గిన్నెలు తెచ్చి అమ్మవారి ముందు పెట్టాను.

"జానకీదేవి గారేరీ?" దుర్గాంబ గారు అడిగింది.

"తలనొప్పిగా ఉందని వెనకనుంచి వెళ్ళి పడుకున్నారు."

"పాపం, వరసగా ఆరు రోజులాయె" అని దొప్ప అందుకుంది. పులిహోర ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఏమైనా చెప్పండమ్మా, మడి మడే. నిష్ఠగా చేసిన వంటకి ఆ రుచే వేరు. ఇవ్వాళ అమ్మవారు తృప్తిగా ఆరగించింది. డాక్టరు గారూ, ఇంకొంచెం వెయ్యండీ."

వేశాను. నా చేత్తోనే. నోటిదాకా వచ్చింది. ఇది వండింది ఎవరో, ఏ రోజున ఉండి వండిందో, ఆ నిష్ఠ కోసం ఒక మనిషి ఎనిమిది నెలలుగా ఏం మింగుతోందో చెప్పేద్దామని. చెబితే నా కోపం తీరుతుంది, జానకీదేవి పరువు పోతుంది. మింగేశాను. మూల కూర్చున్న వీణ నావైపే చూస్తోంది. ఆ పిల్లకి ఏదో అర్థమైంది, దొప్పలో ఉన్నదంతా మెతుకు మిగలకుండా తిన్నది.

ఆ మిగిలిన మూడు రోజులూ జానకీదేవి వంటకి వెళ్ళింది. వద్దన్నాను, వినలేదు. మాత్రలు మాత్రం వేసుకోలేదు. గోకాక రక్తం కాస్త కనపడుతుందని సరోజ చెప్పింది. ఆ రక్తంతోనే వెళ్ళిందో, అది ఆగాకే వెళ్ళిందో నేను అడగలేదు.

రిపోర్టు పది రోజులకి వచ్చింది. క్యాన్సరే. తొలి దశలో ఉన్నట్టుంది, గర్భసంచి తీసేయాలి, ఎంత లోతుకి వెళ్ళిందో తీశాక గాని చెప్పలేమని సరోజ రాసింది. చివర్లో ఇంకో వాక్యం రాసింది, అది నా కోసం రాసినది. ఫిబ్రవరిలో వచ్చి ఉంటే బహుశా ఇంత దూరం వచ్చేది కాదని.

కబురు చేస్తే జానకీదేవి మర్నాడు వచ్చింది. పక్క తలుపునుంచి రాలేదు. జ్వరాల లైన్లో గంటన్నర నిలబడి, తన వంతు వచ్చాక వచ్చి కూర్చుంది. నేను పెన్ను పక్కన పెట్టి ముఖం చూస్తూ చెప్పాను. ఏడవలేదు. ఆపరేషన్ ఎప్పుడు, ఎన్నాళ్ళు మంచంలో ఉండాలి, ఆయనకి వంటెలా అని అడిగింది. ఆయన నేర్చుకుంటారన్నాను. "బతుకుతానా?" అని ఒక్కసారి అడిగింది. "బతకడానికే చేస్తున్నాం. మాట మాత్రం ఇవ్వలేను" అన్నాను. తల ఊపింది. పుస్తకం సంచిలో పెట్టుకుని లేచింది.

తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగింది.

"డాక్టరమ్మా, మూలా నక్షత్రం నాటి పులిహోర గురించి దుర్గాంబ గారు ఇప్పటికీ చెబుతున్నారు. నా చెయ్యి అంత బాగా ఎప్పుడూ కుదరలేదట. ఎవరు చేశారండీ?"

"నేనే."

"మడి కట్టుకునేనా?"

అవునంటే పోయేది. కానీ అబద్ధం ఆడటానికి కూడా ఓపిక కావాలి, అది నాలో మిగల్లేదు. "లేదు. ఆ రోజు పొద్దున నాకు డేటు వచ్చింది. మొదటి రోజు."

తలుపు వదిలేసి నా దగ్గరికి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను.

"అమ్మవారికి పెట్టారా?"

"పెట్టాను."

"అందరూ తిన్నారా?"

"పాతికమంది తిన్నారు. దుర్గాంబ గారు రెండోసారి వేయించుకున్నారు."

"ఎవరికీ ఏమీ కాలేదూ?"

"ఏమీ కాలేదు."

ఆమె నిలబడే వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. శివరాత్రి. ఉగాది. శ్రీరామనవమి. శేషగిరి గారింట్లో సత్యనారాయణ వ్రతం. వరలక్ష్మీ వ్రతం. ఒక చెయ్యి అయిపోయింది. వినాయక చవితి దగ్గర రెండో చెయ్యి ఎత్తి, ఆపేసింది. ఆ చేతిని కాసేపు చూసుకుంది, అది తనది కానట్టు.

"ఈ ముక్క శివరాత్రికి ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది కదండీ" అంది.

నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అంది. ‘ఎవరైనా’ అంది. ఆ కాలనీలో పద్దెనిమిదేళ్ళుగా ఆ ముక్క చెప్పడానికి జీతం తీసుకుంటున్న ఆడ డాక్టర్ని నేనొక్కదాన్నే. అది ఆమెకీ తెలుసు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది.

"నెక్స్ట్ భేజూఁ, మేడం?" అంటూ కమలేశ్ తర్వాతి మనిషిని పంపబోయింది. కొంచెం ఆగమన్నాను.